తాళాల గుత్తి తేవద్దు

మావా, యశస్వినిని తీసుకుని ఆసుపత్రికి ఎల్తన్నాను. పాపకి ఇనపడేలా సెవిలో మిషను పెట్టే ఆపరేషన్ ఇయ్యాలే కదా. నైట్ డ్యూటీ దిగి ఆకలితో పరిగెట్టుకు రాకు, గిన్నెలో ఉప్మా ఉంది, తినేసి రా. పొద్దుటి గుండె మాత్ర పాపకి ఏసేసాను. సాయంత్రం మాత్రలు ఫ్రిజ్ మీద ఉన్నాయి, తే. ఒక్క పూట కూడా తప్పకూడదన్నారు. ఆపరేషన్ అయ్యేదాకా గుండె డాక్టరు కూడా లోపలే ఉంటాడంట.

తాళాల గుత్తి జేబులో ఏసుకు రాకు. పాప ఉలిక్కిపడి పడిపోయేది మూర్ఛతో కాదని, గుండె కొట్టుకోడం గతి తప్పి అని ఈసీజీలో తేలింది కదా. ఇంక సేతిలో ఇనుము పెట్టేది లేదు. గుండె మీద ఎలా నొక్కాలో నర్సు సూపిత్తాది, నేర్సుకో.

మీ అమ్మని కూడా తీసుకురా. మన పెద్దోడు లోహిత్ పోయిందీ ఈ జబ్బుతోనే అని డాక్టరు సెప్పిన కాడ్నించి వాణ్ణి ఆసుపత్రికి తీసుకెల్లనివ్వలేదని ఆవిడతో మాటాడ్డం మానేసావు.

ఇంకోమాట. వాడు పడిపోయిన రోజు నువ్వు ప్లాంట్లో ఉన్నావు. ఆటో పిలవమని ఆవిడ అరుత్తానే ఉంది. వాడి సేతిలో తాళాలు పెట్టి, ఆగు అత్తా, లేస్తాడు అన్నది నానే.