మాధవి కళ్ళజోడులో తెల్లచొక్కా

మంగళవారం, ద్వారక

గదికి గడియ పెట్టుకుంటే ఎవరితోనో ప్రేమకబుర్లు చెబుతున్నానని అమ్మ అనుమానం. "కౌన్సెలింగ్‌కి గడియ ఎందుకే? మీ నాన్న ఆఫీసులో తలుపే వెయ్యరు!" అంది భోజనాల దగ్గర. అవతలివాళ్ళ భయాలు మూడో మనిషి చెవిన పడకూడదని ఎన్నిసార్లు చెప్పాలి?

ఆ మూడో మనిషి ఇవాళ మాధవి గదిలోనే ఉన్నాడేమో. కారు ప్రమాదం తర్వాత ఆమెకి నిద్ర పట్టడం లేదు. గుర్గావ్ నుంచి వీడియోలో నాతో మాట్లాడుతోంది. ఎప్పటిలాగే మొదట లాప్‌టాప్ తిప్పి గదంతా చూపించింది. ఎవరూ లేరు. తీరా ప్రమాదం మాట ఎత్తేసరికి ఆమె చూపు స్క్రీన్ దాటి పైకి వెళ్ళింది.

"కారు నడిపింది డ్రైవరే మేడమ్."

పోయినవారం "మా ఆయన" అంది.

"పక్కన ఎవరైనా ఉన్నారా అండీ?"

"అయ్యో, లేరు మేడమ్."

ఆమె కళ్ళజోడు అద్దంలో తెల్లచొక్కా కదిలింది. కర్టెనేమో... కర్టెన్ నీలం కదా, ఇందాకే చూశాను.

నడిపింది డ్రైవరే అయితే ఆయన లాప్‌టాప్ వెనక దాక్కోవడం దేనికి?

రేపు మాధవి ఆఫీసులో ఉన్నప్పుడు ఫోన్ చేస్తాను. ఆమె ఆ ఇంట్లో ఉండగా ఇక సెషన్ పెట్టను. నా గడియ కూడా తీయను.