మూలన కుట్టిన పేరు

అవ్వకు నితిన్ వందనాలు. దేవుని దయవల్ల బాన్సువాడలో మేమిద్దరం బాగానే ఉన్నాం. హైదరాబాద్‌లో నీ హాస్టల్ వంట పని, నీ మోకాలి నొప్పి ఎలా ఉన్నాయో రాయి. ఫోన్లోనే చెప్పొచ్చు కానీ, ఫోన్ ఎత్తగానే జేత్యా వచ్చి పక్కన కూర్చుంటాడు.

పోయిన ఉత్తరంలో నాలుగు సంగతులు రాశావు. జేత్యా తింటున్నాడా, దగ్గు తగ్గిందా, రైస్ మిల్లు పని కష్టంగా ఉందా, ఈ మూడూ వాడివే. నాకు మిగిలింది "బండి మెల్లగ నడుపు" ఒక్కటే. వాళ్ళమ్మ పోయాక తండా నుంచి మన చర్చికి వచ్చాడు, ఇంట్లో పెట్టుకున్నావు, సరే. నేను నీకు ఒక్కగానొక్క కొడుకుని కదా! తింటున్నాడులే, నాకంటే ఎక్కువే. దగ్గు మాత్రం తగ్గలేదు. ఎందుకో చివర్లో చెబుతాను.

ఆదివారం పాస్టరమ్మ ప్రేమలక్కకు గొంతు పోయి, సండే స్కూల్ నన్ను చెప్పమంది. తొమ్మిదిలో బడి మానేసిన నన్ను! విశ్వాసులంతా ఒక కుటుంబం అనేది పాఠం.

"మనందరికి తండ్రి ఒక్కడే గద. అందుకే మనమంత అన్నదమ్ములం, అక్కచెల్లెండ్లం" అని గట్టిగానే చెప్పాను.

బీర్కూర్ బస్సులో వచ్చే చాంద్రి లేచింది. "గట్లయితే జేత్యన్న నీ తమ్ముడేనా అన్నా?"

"చర్చిల తమ్ముడే."

"మరి ఇంట్ల?"

"ఇంట్ల కిరాయికున్నోని లెక్క ఉంటడు."

"నీకు కుళ్ళు!" అంది. అందరూ నవ్వారు. "మా చెల్లెకు అవ్వ కొత్త గౌను కుడితే నేను గూడ మస్తు ఏడ్చిన. పక్కింటి పోరికి కుడితే నాకేంది? కుళ్ళుకుంటున్నవంటే వాడు నీ తమ్ముడే, పక్కా."

ఇక పాఠం సాగలేదు. పాట పాడించి పంపేశాను.

అవ్వా, వాడికని నువ్వు పాత చీరలతో కుట్టి పంపిన బొంత నేనే కప్పుకున్నాను. మూలన ఎర్రదారంతో కుట్టిన వాడి పేరు బ్లేడుతో విప్పేసి, నాకే పంపావని చెప్పాను. నెల రోజులుగా వాడు పల్చటి దుప్పట్లో దగ్గుతున్నాడు.

చర్చి నుంచి నేరుగా ఇంటికి వెళ్ళి, ఎండలో కూర్చున్న వాడి భుజాల మీద బొంత కప్పాను. "గిది నీదే రా."

"ఎరుకే అన్నా. దారం తీసినవ్ గని సూది బొక్కలున్నయ్ గద. ఏలు పెట్టి చదివిన."

"మరి అడగకపోతివి?"

"అడిగితే పొమ్మంటవని."

వాణ్ణి దవాఖానకు తీసుకెళ్ళాను, మందులు వాడుతున్నాడు. పేరు మళ్ళీ నేనే కుట్టాను, వంకరగా వచ్చింది. నాకూ ఒక బొంత కుట్టు. వాడిదానికంటే జానెడు పెద్దగా.

ఇట్లు,
నీ పెద్దకొడుకు
నితిన్