నెయ్యి లేని సున్నుండ

విశాఖపట్నం
12-4-1985

అమ్మకు నమస్కారాలు.

ఇక్కడ నేను బాగానే ఉన్నాను. హాస్టల్ సాంబారే బాగోలేదు.

విషయం చెప్పేస్తాను, లేకపోతే ఈ ఉత్తరం కూడా ఇదివరకటి నాలుగింటిలా చెత్తబుట్టలో పడుతుంది. మా టెలిఫోన్ ఆఫీసులో నా పక్క సీటు సరోజ ఉంది కదా, వాళ్ళన్నయ్య ప్రభాకరరావు ఇక్కడ పశువుల డాక్టరు. సొంతూరు బాపులపాడు, మనవాళ్ళే. నాకు నచ్చాడు. నేనూ అతనికి నచ్చాను. మే 26 ఆదివారం పెద్దవాళ్ళతో మనింటికి వస్తానంటున్నాడు. నాకు సెలవు లేదు. ఉన్నా రాను. నేనెదురుగా ఉంటే నా మొహం చూసి ఒప్పుకుంటారు. అలా వద్దు, అతన్ని చూసి ఒప్పుకోండి.

నాన్నగారికి నెమ్మదిగా చెప్పు.

నీ కూతురు
ప్రమీల

తా.క. అతను పాలు, పెరుగు, నెయ్యి ముట్టడు. మిఠాయిలు అవేవీ లేకుండా చెయ్యాలి. మనింటి సున్నుండ సంగతి నాకు గుర్తుంది. అందుకే ఈ ముక్క తా.క.లో రాశాను.


నూజివీడు
18-4-1985

చిరంజీవి ప్రమీలకు అమ్మ ఆశీస్సులు.

అందరం క్షేమం, గేదెకి మాత్రం మేత ఎక్కడం లేదు.

నీ ఉత్తరం నా చేతికొచ్చేలోపే మీ నాన్నగారు అలవాటు ప్రకారం తోటలో, మామిడికాయలు గంపలకెత్తేచోట, పైకి చదివేశారు. కోతల మేస్త్రి ఇన్నమ్మతో సహా పదిమందికీ నీ పెళ్ళి కబురు నాకంటే ముందే తెలుసు. "నాకు నచ్చాడు" దగ్గర ఆయన ఒకసారి దగ్గారట. పశువుల డాక్టరనగానే ముఖం విప్పారిందట. తా.క. దగ్గర మాత్రం కళ్ళజోడు తీసి తుడుచుకున్నారట.

మన ఆనవాయితీ నీకు తెలియంది కాదు. మన గేదె నేతితో చుట్టిన సున్నుండ ఇంటిపెద్ద చేతిమీదుగా అల్లుడు తింటేనే సంబంధం కుదిరినట్టు. మీ మేనత్తల మొగుళ్ళు ముగ్గురూ అలా తిన్నవాళ్ళే. ఈ అబ్బాయి నెయ్యి ముట్టడంటే ఎలాగే?

సంగతి నాకర్థమైందిలే. కాశీ వెళ్ళి వదిలేసి ఉంటాడు. మీ నాయనమ్మ కాకరకాయ వదిలేసి రాలేదూ, అలాగ. (ఆవిడ అంతకుముందూ తినేది కాదనుకో.) ఇంత చిన్న వయసులో కాశీ వెళ్ళాడంటే పాపం, తండ్రి పోయి ఉంటాడు. తండ్రి లేని పిల్లాడని వీధిలో అందరికీ చెప్పాను. అందరూ అయ్యో అన్నారు.

ఇట్లు, అమ్మ
సుబ్బరత్నమ్మ

తా.క. మీ నాన్నగారు అడగమన్నారు: పాలు, పెరుగు, నెయ్యి మూడూ వదిలాడంటే ముగ్గురు పోయారా?


విశాఖపట్నం
24-4-1985

అమ్మకు,

నమస్కారాలు చివర పెడతాను. ముందు ఇది చదువు.

ప్రభాకర్ వాళ్ళ నాన్న నారాయణరావుగారు నిక్షేపంలా ఉన్నారు. రోజూ పొద్దున్నే షటిల్ ఆడతారు. 26న వచ్చేది ఆయనే. ఆయన్ని చూసి వీధిలోవాళ్ళు అయ్యో అనకుండా చూడు. ప్రభాకర్ కాశీ వెళ్ళలేదు. విశాఖపట్నం దాటి ఉత్తరానికి అడుగే పెట్టలేదు. పాలు మానడానికి వేరే కారణం ఉంది. అది తోటలో పదిమంది ముందు చదివే ఉత్తరంలో రాసేది కాదు.

నమస్కారాలతో,
ప్రమీల

తా.క. ఇదీ పైకే చదువుతున్నారు కదా నాన్నగారూ. మీకు నమస్కారం. ఇన్నమ్మకి కూడా.


నూజివీడు
30-4-1985

ప్రమీలకు అమ్మ ఆశీస్సులు.

పదిమంది ముందు చదవలేని కారణమంటే ఏమిటో మాకు తెలియదా? తండ్రి ఉన్నాడు. అయినా అన్నీ వదిలేశాడు. అంటే మొదటి భార్య పోయి ఉంటుంది. ఈ ముక్క నాది కాదు, మీ నాన్నగారిది. పిల్లలెంతమందో అడగమన్నాను, నేనన్నది అంతే.

ఆయన రెండురోజులుగా అన్నం సరిగా తినడం లేదు. రెండోపెళ్ళివాడికి పిల్లనివ్వనని, రావద్దని కార్డు రాయమన్నారు. నేనింకా రాయలేదు. చిన్నప్పటినుంచీ నీకేదీ ఓ పట్టాన నచ్చదు. నచ్చాడని రాశావంటే ఊరికే రాసి ఉండవు.

కార్డు రాయకపోగా, ఆయన తోటకెళ్ళాక నెయ్యి లేకుండా సున్నుండలు చుట్టి చూశాను. నువ్వుల నూనె పోస్తే ఉండయితే కట్టింది. మిగతా సంగతి కింద చూడు.

అమ్మ

తా.క. రుచి చూడమని ఇన్నమ్మకి ఒకటి ఇచ్చాను. "ఆవకాయ కలిపిన చెయ్యి కడుక్కోకుండా చుట్టారేంటమ్మగారూ" అనడిగింది.


విశాఖపట్నం
6-5-1985

అమ్మకు,

కవరు మీద నీ పేరు పెద్దక్షరాలతో రాశాను. ఒక్కదానివే చదువు.

మొదటి భార్యా లేదు, పిల్లలూ లేరు. అతనికి పదేళ్ళప్పుడు వాళ్ళింట్లో గేదె దూడ చచ్చిపోయింది. దూడ లేకపోతే గేదె పాలు చేపదు కదా, దూడ తోలులో గడ్డి కూరి దాని ముందు నిలబెట్టారు. ఆ గడ్డిదూడని నాకుతూ అది పాలిచ్చింది. అది చూసి అతను చేతిలో పాలగ్లాసు కిందపెట్టేశాడు. మళ్ళీ ఇంతవరకూ ఎత్తలేదు. పశువుల డాక్టరయిందీ అందుకే. గేదె కోసం ఏడ్చే మగవాడంటే తోటలో నవ్వుతారని రాయలేదు. అతన్ని చూసి ఎవరైనా నవ్వితే నేను తట్టుకోలేను.

అమ్మా, నాకితను కావాలి. ఒక్క సున్నుండ దగ్గర ఈ సంబంధం పోతే నేనింక ఎవరి ముందూ పెళ్ళిచూపులకి కూర్చోను.

నీ ప్రమీల

తా.క. నా రూమ్మేటుది కేరళ. వాళ్ళు పాయసానికి కూడా కొబ్బరిపాలే పోస్తారట.


నూజివీడు
14-5-1985

చిరంజీవి ప్రమీలకు అమ్మ ఆశీస్సులు.

నీ ఉత్తరం వంటింటి తలుపు వేసుకుని చదివాను. చదివి పోపులపెట్టె కింద దాచాను. మన కొట్టంలోనూ గడ్డిదూడని రెండుసార్లు నిలబెట్టాం. రెండుసార్లూ పాలు పితికింది నేనే. అప్పుడేమీ అనిపించలేదు. ఇప్పుడనిపిస్తోంది.

అబ్బాయికిదే మొదటి పెళ్ళి అని మాత్రం మీ నాన్నగారికి చెప్పాను. అన్నం తిన్నారు. వాళ్ళని రమ్మన్నారు. కానీ సున్నుండ దగ్గర దిగిరావడం లేదు. తాతగారి నాటి ఆనవాయితీ తన చేత్తో తప్పించనని, పిల్ల కావాలనుకున్నవాడు ఒక్క ఉండ తినలేడా అని ఒకటే పట్టు.

నా పట్టు నాకుంది. నాలుగు కొబ్బరికాయల పాలు పిండి, సన్నసెగ మీద కాచి కాచి నూనె తీశాను. వేయించిన మినపపిండి, బెల్లం, ఆ నూనె. మొదటి వాయి రాయి. రెండోది ఉండే కట్టలేదు. మూడోది కుదిరింది, ఏం వాసనే తల్లీ! కొబ్బరిపాలతో సేమ్యా పాయసం చేసి, అందులో చిన్నరసం మామిడిపండు పిండాను. మామూలు పాలయితే విరిగిపోయేవి. ఇవి విరగలేదు.

ధైర్యంగా ఉండు.

అమ్మ

తా.క. ఇన్నమ్మ ఈసారి ఏమీ అడగలేదు. నాలుగు తిని, ఐదోది కొంగున కట్టుకుంది.


నూజివీడు
27-5-1985

చిరంజీవి ప్రమీలకు అమ్మ ఆశీస్సులు.

నిన్న జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. ముందే చివరికి వెళ్ళి చూడకు.

తండ్రీకొడుకులు పదింటికి బస్సు దిగారు. అబ్బాయి కాళ్ళు కడుక్కుని నేరుగా కొట్టంలోకెళ్ళాడు. గేదె నోరు తెరిచి చూసి, పన్ను ఒకటి బుగ్గకి గీసుకునే మేత ఎక్కడం లేదని చెప్పి సరిచేశాడు. మీ నాన్నగారు పక్కనే నిలబడి చూశారు గానీ మెచ్చుకోలేదు.

భోజనాలయ్యాక, ఆయన పట్టు ప్రకారం నేను నేతి ఉండలు సర్దిపెట్టిన వెండిపళ్ళెంలోంచి సున్నుండ తీసి చెయ్యి చాపారు. "మా ఇంటి ఆనవాయితీ బాబూ" అన్నారు. అబ్బాయి దాన్ని చేతిలోకి తీసుకున్నాడు. కాసేపు దానివంకే చూసి, కళ్ళు మూసుకుని నోటిదాకా తీసుకెళ్ళాడు. నీకోసమేనే. నేనింక ఆగలేకపోయాను. గుమ్మం దగ్గర్నుంచి గబగబా వచ్చి అతని చేతిలోంచి లాగేసుకున్నాను.

"వద్దు బాబూ. పదేళ్ళప్పుడు అనుకున్న మాట ఇంతవరకూ నిలబెట్టుకున్నావు. దాన్ని మా ఇంట్లో పోగొట్టుకోకు" అన్నాను.

మీ నాన్నగారి ఎదుట నేనలా మాట్లాడటం ఈ పాతికేళ్ళలో ఇదే మొదలు. చేతిలో ఉండ ఏం చెయ్యాలో తోచక నా నోట్లోనే వేసుకున్నాను.

నెయ్యి కాదే! కొబ్బరి. నేను చుట్టిన కొబ్బరి సున్నుండే!

మీ నాన్నగారి వైపు చూశాను. ఆయన దూలాల వంక చూస్తున్నారు. పొద్దున నేను స్నానానికెళ్ళినప్పుడు పళ్ళెంలో నేతి ఉండలు తీసేసి, నేను వంటింట్లో ఉంచిన కొబ్బరి ఉండలు పెట్టేశారట. పోపులపెట్టె కింద ఉత్తరం పదిరోజుల కిందటే దొరికిందట. ఊరందరికీ వినపడేలా చదివే మనిషి, అదొక్కటీ పెదవి కదపకుండా చదువుకున్నారు. ఆ మాట నాతో అంటే ఏం పోయిందండీ అనడిగాను. గోడమీద తాతగారి ఫోటో చూపించి, "ఆయనకి వినపడదూ" అన్నారు.

తర్వాత ఇంకొకటి తీసి, ఇందులో నెయ్యి లేదని చెప్పి మరీ అబ్బాయి చేతిలో పెట్టారు. అతను తిన్నాడు. కళ్ళు తుడుచుకుంటూ తిన్నాడు. ఎవరూ నవ్వలేదమ్మా. తాంబూలాలు పుచ్చుకున్నాం. సెలవు పెట్టుకుని రా.

అమ్మ

తా.క. నెయ్యి సున్నుండలు వృథా కాలేదు. పదకొండూ నారాయణరావుగారే తిన్నారు.

ఇంకో తా.క. ఇంటిపెద్ద చేతి మొదటి సున్నుండ తిన్నది నేను కాబట్టి, ఆనవాయితీ ప్రకారం నిన్న ముందుగా సంబంధం కుదిరింది నాకేనట. సాయంత్రం తోటలో పదిమంది ముందూ ఆ మాటన్నారు మీ నాన్నగారు. నాకు సిగ్గేసి గంపల చాటుకెళ్ళాను.