రెండు వేళ్ళ పరీక్ష

మార్చి 3

ఒక టాక్సీ డ్రైవర్ మా షెడ్డులో ఆయిల్ మార్పించుకుని పోదామని వచ్చాడు. అన్నయ్య ఊరుకుంటాడా? ఒక రౌండు తిప్పుకొచ్చి, లాకప్‌లో వణుకుతోంది, కన్వర్టర్ దించాల్సిందే అన్నాడు. నాకేం తెలీలేదే అని డ్రైవర్ గొణిగాడు. నీకే తెలిస్తే ఇక నేనెందుకయ్యా అని అన్నయ్య నవ్వాడు.

ఆటోమేటిక్ కారులో ఇంజన్ శక్తిని గేర్‌బాక్స్‌కి అందించేది కన్వర్టర్. కారు ఒకే వేగంలో సాగుతుంటే దాని లోపలి క్లచ్ బిగుసుకుని ఇంజన్నీ గేర్‌బాక్స్‌నీ ఒకటి చేస్తుంది. అదే లాకప్. ఆ క్లచ్ అరిగితే కారు సన్నగా వణుకుతుంది. అన్నయ్య స్టీరింగ్ మీద రెండు వేళ్ళు ఆనించి ఆ వణుకు పట్టేస్తాడు. అందుకే అందరూ డాక్టర్ అంటారు.

నా లాప్‌టాప్‌లో మాత్రం స్లిప్, అంటే ఆ క్లచ్ జారడం, సున్నా. చెప్పాను. నీ డబ్బా కట్టెయ్ అన్నాడు.

మార్చి 5

కన్వర్టర్ కోసి చూశాను. క్లచ్ లైనింగ్ అరగనే లేదు, కొత్తదానిలా ఉంది. పిలిచి చూపిస్తే, కంటికి కనపడేదే నిజమా అంటూ వెళ్ళిపోయాడు. ఒళ్ళు మండింది. నోరు మూసుకుని వేరే కన్వర్టర్ బిగించాను.

మార్చి 6

మళ్ళీ వణుకుతోందట!

ఈసారి తప్పు నాదట. డ్రైవర్ ముందే అన్నయ్య, మా చెల్లెలికి బోల్టు బిగించడం చేతకాదు అన్నాడు. ఇంకోసారి ఇలాగైతే గేర్‌బాక్సుల జోలికి రాకు, కౌంటర్లో కూర్చుని బిల్లులు రాసుకో అన్నాడు. పెళ్ళీ పేరంటం మానుకుని నేర్చుకున్న పని ఇది. బిల్లులట.

వదిన టీ తెచ్చింది. అన్నయ్యకి సగం గ్లాసే. ఎప్పట్నుంచో సగమే. పట్టించుకోకు, ఈ మధ్య అందరి మీదా అలాగే ఎగురుతున్నాడు అంది. ఎలా పట్టించుకోకుండా ఉంటాను?

మార్చి 7

మళ్ళీ విప్పాను. మళ్ళీ బిగించాను. ఒక్కో బోల్టుకీ అన్నయ్యని తిట్టుకుంటూ.

మార్చి 8, ఉదయం

ఇవాళ తేల్చేస్తా.

యాక్సిలరేటర్ అలాగే ఉంచి బ్రేక్‌ని కాస్త తాకితే లాకప్ విడిపోతుంది. అప్పుడు వణుకు ఆగితే రోగం కన్వర్టర్‌ది. ఆగకపోతే ఇంకెక్కడో. ఇది నాకు నేర్పిందే అన్నయ్య. ఇప్పుడు తను చెయ్యడు. రెండు వేళ్ళుండగా అదెందుకట.

డ్రైవర్ని వెనక సీట్లో కూర్చోబెడతా. అతని ముందు పోయిన పరువు అతని ముందే రావాలి.

మార్చి 8, సాయంత్రం

అన్నయ్య నడిపాడు. పక్కన నేను. రెండు వేళ్ళు ఆనించి, ఇదిగో వణుకు అన్నాడు. బ్రేక్ తాకు అన్నాను. విసుక్కుంటూ తాకాడు. స్క్రీన్ మీద లాకప్ విడిపోయింది. వణుకు ఆగిందా అన్నాను. లేదన్నాడు. అయితే కన్వర్టర్ కాదుగా, నువ్వే నేర్పావుగా అన్నాను. గొంతులో సంతోషం దాచుకోలేదు. ఇంజన్ మౌంటింగ్ అన్నాడు. కాదు, టైర్లన్నాడు. పక్కకి ఆపమని, కారు ఆగగానే నేనే తాళం తిప్పి ఇంజన్ ఆపేశాను.

ఇప్పుడేమంటావ్ అందామని తల తిప్పాను.

స్టీరింగ్ మీద ఆ రెండు వేళ్ళు ఇంకా వణుకుతున్నాయి. అన్నయ్య వాటినే చూస్తున్నాడు, ఎవరివో అన్నట్టు. ఈ ఏడాది దించిన కన్వర్టర్లన్నీ గుర్తొచ్చాయి. ఎన్ని బాగున్నవి కోసి పారేశానో. ఆ సగం గ్లాసు టీ కూడా గుర్తొచ్చింది.

వెనక సీటుకి చేతులు కనపడవు. ఏమైందమ్మా అని డ్రైవర్ అడిగాడు. బోల్టు వదులైంది, తప్పు నాదే అన్నాను. చేతకానప్పుడు బండి మీద చెయ్యి వెయ్యడమెందుకు అన్నాడు.

అన్నయ్య కాదనలేదు. అదే కాలుతోంది. ఒక్క మాట అనొచ్చుగా. గెలిచింది నేను.

మార్చి 10

వదినకి తెలుసట. చొక్కా గుండీలు కూడా తనే పెడుతోందట. నీరసం అనుకున్నారట ఇద్దరూ. స్టీరింగ్ పట్టుకుంటే మాత్రం చేతి వణుకు ఆగిపోతుందని అన్నయ్య ఒట్టేసి చెప్పాడట.

నాకెందుకు చెప్పలేదు అని అరిచాను. చెబితే నువ్వు ఊరుకునేదానివా అంది.

ఊరుకునేదాన్ని కాదు.

మార్చి 12

ఇంకో కారు వచ్చింది. అన్నయ్య తాళాలు తెచ్చి నా ముందు చెయ్యి చాచాడు. తాళాలు గలగలమంటున్నాయి.

నా చేతిలోకి వచ్చాక ఆ చప్పుడు ఆగింది.