అమ్మ సందుగలో చీర

అల్మాస్‌గూడ

శ్రీవారికి అరుణ నమస్కారాలు. ఇక్కడ మీ కొడుకూ నేనూ మా అమ్మా క్షేమం. ఈ మాట ఈసారి అలవాటు కొద్దీ రాయడం లేదు, నమ్మండి. ఆ కొండల మీద ఫోను అందక, సరిహద్దులో మీరెలా ఉన్నారో అనే నా బెంగ.

వాడు ఎవరి పోలికని అడిగారు. ముక్కు మీదే. కోపం కూడా మీదే, పాలు కాస్త ఆలస్యమైతే మీర్‌పేట్ దాకా వినబడుతుంది. చక్కగా ఉన్న పిల్లవాడి మడమకు సూది ఎందుకు గుచ్చనిచ్చావని కూడా రాశారు. ఎల్బీనగర్ దవాఖానలో అమ్మా అదే అంది, "పసిగుడ్డుకు సూదేంది" అని. ఆ రక్తపు చుక్కే వాణ్ణి కాపాడింది.

ఇంటికి వచ్చాక అమ్మ సందుగ తీసింది. తొట్టెలలో వేసేదాకా పిల్లవాడికి కొత్త బట్ట తగలకూడదు కదా, దిల్‌సుఖ్‌నగర్‌లో కొన్న చొక్కాలు అలాగే ఉన్నాయి. మా నానమ్మ కట్టిన పాత నూలు చీర బయటికి తీసి దులిపింది. మడతల నిండా కలరా ఉండల వాసన. చుట్టబోతుండగా దవాఖాన నుంచి ఫోను. వాడి రక్తంలో ఏదో ఎంజైము పుట్టుకతోనే తక్కువగా ఉన్నట్టుందట. మళ్లీ పరీక్ష చేసేదాకా కలరా ఉండల్లో దాచిన బట్టలు మాత్రం తగలనివ్వొద్దన్నారు. నేను అమ్మ చేతిలోంచి చీర లాక్కున్నాను.

రెండో పరీక్షలోనూ అదే తేలింది. డాక్టరమ్మ లలితకుమారి గారు మాత్రం నవ్వుతూ చెప్పారు. తెలిసింది కాబట్టి భయం లేదు, ఆ ఉండలూ కొన్ని మందులూ దూరంగా ఉంచితే అందరి పిల్లల్లాగే పెరుగుతాడని. నేను అక్కడే కూర్చుని ఏడ్చేశాను, సంతోషంతోనే. తెలియకపోతే ఆ ఉండల ఘాటుకు కామెర్లు ముదిరి ప్రాణం మీదికి వచ్చేదట. ఇది తల్లి వైపు నుంచి మగపిల్లలకు వస్తుందట.

మీకు ఎప్పుడూ చెప్పనిది ఒకటుంది. నాకంటే ముందు అమ్మకు ఒక కొడుకు పుట్టాడు. పసుపుపచ్చగా మారిపోయి, తొట్టెల కాకముందే పోయాడు. వాణ్ణీ ఆ సందుగలోని చీరలోనే చుట్టారట. డాక్టరమ్మ మాట విన్నప్పటి నుంచి నాకు అదే ఆలోచన. అమ్మకు చెప్పడానికి నోరు రాలేదు. ఆ వాసన వీడికి పడదని మాత్రం అన్నాను.

నిన్న అమ్మ తనంతట తనే ఉండలన్నీ ఏరి పారేసింది. సందుగ కడిగి ఎండలో పెట్టింది. మీరు వదిలిపెట్టి వెళ్లిన పాత లుంగీని ఉడకబెట్టి, ఆరేసి, చింపి పొత్తిగుడ్డలు చేసింది. వాణ్ణి అందులో చుట్టి ఒళ్లో వేసుకుని, నా వైపు చూడకుండా అంది:

"గప్పుడు మాకు ఎవ్వలు చెప్పలె బిడ్డా. నీకు చెప్పిన్రు. గది సాలు."

ఇట్లు,
మీ కొడుకు తల్లి
అరుణ