ఫైలు మీద రెండక్షరాలు

హిమా,

అన్నం కుక్కర్లో ఉంది, చారు వేడి చేసుకో. నీళ్ల మోటారు ఎనిమిదింటికల్లా ఆపెయ్యి. మీ నాన్న ఫైలు కోసం వెతక్కు, ఆస్పత్రికి మాతో తీసుకెళ్తున్నాను.

దాని మీద రాసిన సి, ఎ అంటే కాల్షియం అని మీ నాన్నకు చెప్పావు. స్టీల్ ప్లాంటు లేబులో ముప్పై ఏళ్లు సున్నపురాయి పరీక్షలకు ఆయన ఆ రెండక్షరాలే రాశారు, అందుకే సరేనన్నారు. ఆ రోజు నుంచీ పెరుగు ముట్టలేదు. "నాకొద్దే, ఒంట్లో సున్నం పెరిగిపోతాది" అంటూ గిన్నె పక్కకు నెడుతున్నారు. మజ్జిగ లేనిదే ముద్ద దిగని మనిషి.

నిన్న పక్కింటి నర్సు ఫర్హాని అడిగాను. ఆస్పత్రి కాగితాల్లో ఆ అక్షరాలు క్యాన్సర్‌కి రాస్తారని చెప్పింది. మా అమ్మ రాచపుండు అనేది, ఆ మాట దగ్గర గొంతు తగ్గించేది. ఫార్మసీ చదివే నీకు తెలియక కాదు. నాకైనా చెప్పాల్సింది. ఇవాళ డాక్టరు నోరు విప్పేలోపు నేనే మీ నాన్నకు చెప్తాను.

అమ్మ

ఇది రాస్తుంటే మీ నాన్న వచ్చి పెరుగన్నం పెట్టమన్నారు. "మరి సున్నం?" అన్నాను. "నాకు ఆ రోజే తెలుసే. నాను నమ్మీసినానని పిల్ల అనుకోవాల గదా, అందుకే మానీసినాను" అన్నారు. గిన్నె ఖాళీ చేశారు. సాయంత్రం పాలు తోడెయ్యి.