తొంభై పేజీల మాత్ర

అమీర్‌పేట

గౌరవనీయులైన యజమాని హనుమత్ప్రసాద్ గారికి,

టైపు చేసే భానుచందర్ నమస్కారాలు. ఫోన్లో మాట్లాడితే పని పాడవుతుందని మీరు అంటారు కనుక, ఈ చీటీ ప్రూఫుల కట్టలో పెట్టి పంజాగుట్టకు పంపుతున్నాను. పోటీ పరీక్షల గైడు ఈ ఒక్కరోజే తొంభై పేజీలు చేశాను. నిద్రపోయి మూడు రోజులైంది. రేపు ఒక్కరోజు సెలవు ఇప్పించండి.

విధేయుడు,
భానుచందర్

తా.క.: నిద్ర ఆపడానికి మాత్ర వేసుకునేవాణ్ణి. ఇప్పుడు వేసుకోకపోయినా నిద్ర రావడం లేదు.

పంజాగుట్ట

చిరంజీవి భానుచందర్‌కు ఆశీస్సులు.

నలభై పేజీల మనిషివి తొంభై చేశావంటే కళ్ళు చెమర్చాయి. నిద్రే రానివాడికి సెలవు ఏంటయ్యా? రేపటి నుంచి అందరూ తొంభై చెయ్యాల్సిందే. నలభై దాటని మానసను పనిలోంచి మాన్పించాను.

నీ మేలు కోరే,
హనుమత్ప్రసాద్

తా.క.: గైడులో ‘పని పెంచే మాత్రలు సమాజానికి మేలా, కీడా?’ అనే వ్యాసం నువ్వే రాసెయ్. మేలనే రాయి. అనుభవం ఉందిగా.

అమీర్‌పేట

సార్‌కు నమస్కారాలు.

మానస ఏం చేసింది సార్? మాత్ర మింగింది నేను. నేనూ నలభై పేజీలే చేస్తాను, ఆమెను పిలిపించండి. గుండె దడదడలాడుతోంది, నాకు భయంగా ఉంది. పక్క కుర్చీ కేదార్ నిన్న “అన్నా, జర పండు, గిట్లయితే సచ్చిపోతవ్” అన్నాడు. ఇవాళ తొంభై సంగతి వినగానే అతనే వచ్చి రెండు మాత్రలు తీసుకెళ్ళాడు.

భానుచందర్

తా.క.: వ్యాసం కట్టలో ఉంది. దయచేసి చదవండి.

పంజాగుట్ట

భానుచందర్‌కు దీవెనలు.

చదివే తీరికేదయ్యా? నీ మీద నమ్మకంతో నేరుగా అచ్చుకు పంపేశాను. ఐదు వేల కాపీలు. తొంభై చేస్తానంటే మానసను రమ్మను. మాత్రలెక్కడ దొరుకుతాయో చెప్పు, తోటివాళ్ళకు సాయపడాలి.

హనుమత్ప్రసాద్

తా.క.: గుండెదడ అంటే ఉత్సాహం. పెళ్ళినాడు నాకూ వచ్చింది.

అమీర్‌పేట

హనుమత్ప్రసాద్ గారికి,

మానస నమస్కారాలు. మీ చీటీ చూసి కేదార్ నాకు కబురు పెట్టాడు. మంగళవారం నేను తిరిగి పనిలో చేరేసరికి భానుచందర్ గారు కీబోర్డు మీద తల వాల్చి ఉన్నారు. “లేపకుండ్రి, ఇప్పుడే పండిండు” అన్నాడు కేదార్. మాకందరికీ సంతోషమేసింది. సాయంత్రం దాకా చప్పుడు చెయ్యకుండా పని చేసుకున్నాం. ఇంటికి వెళ్ళేముందు లేపబోతే ఒళ్ళు చల్లబడి ఉంది, మనిషి లేరు.

గైడు కాపీలు వచ్చాయి. వ్యాసం రెండు పేజీల నిండా ఒకటే వాక్యం ఉంది సార్: ‘రేపు ఒక్కరోజు సెలవు ఇప్పించండి.’ కోచింగ్ పిల్లలు దాన్ని బట్టీ పడుతున్నారు.

మానస

తా.క.: ఇవాళ తొంభై రెండు పేజీలు చేశాను. ఆయన సొరుగులో పన్నెండు మాత్రలు ఉండేవి. ఇప్పుడు పదకొండు ఉన్నాయి.